గురకలోడి పాట

ఆ రోజుకు విఠల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే కోరుట్లలో భార్య ప్రేమలతతో కారెక్కాలి. జగిత్యాలలో మేనల్లుడు జగదీశ్ దగ్గర ఆగి పాటల పెన్‌డ్రైవ్ తీసుకోవాలి. సిరిసిల్లలో దుబాయి దోస్తు కిష్టయ్య బిడ్డ పెండ్లికి చేరేదాకా ఆమెకు పాత సినిమా పాటలు వినిపించాలి. దుబాయి నుంచి తెచ్చిన క్యాసెట్లన్నీ అటక మీద మూలుగుతుంటే, వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని జగదీశ్‌కు ముందే ఇచ్చాడు. "గన్నేండ్లు దుబాయిల ఉన్నవ్, నా కోసం ఏం జేసినవ్?" అని ప్రేమలత పండుగకూ పబ్బానికీ వేసే ప్రశ్నకు ఇదే తగిన జవాబని ఆయన మురిసిపోతున్నాడు.

ఆమెను కారులోనే ఉంచి స్టూడియోలోకి వెళ్లాడు. స్టూడియో అంటే గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన ఒక గది, ఒక మైకు. జగదీశ్ అందులో కూర్చుని యూట్యూబ్‌కు జానపదాలు తయారు చేస్తాడు. పొద్దున రాసి, మధ్యాహ్నం పాడించి, పొద్దుగూకేసరికి దాన్ని తాతల కాలపు పాట చేసేస్తాడు.

"సినిమా క్యాసెట్లన్ని బూజు వట్టి పోయినయ్ మామా," అన్నాడు జగదీశ్. "కని ఒక సినిమా డబ్బీల వేరే క్యాసెట్టున్నది. బంగారమనుకో. ఎవలో ఆడామె పాడిన శుద్ధ జానపదం, వందేండ్ల కిందటిది. కొత్త గొంతుతోని పాడిపిచ్చి నిన్ననే ఛానల్ల పెట్టిన."

మీట నొక్కాడు. డప్పు మోగింది.

"విమానమెక్కి పోతివి గురకలోడా,
గడియారం పంపితివి గురకలోడా,
గడియసేపు రాకపోతివి గురకలోడా..."

విఠల్ గుండె గుభేలుమంది. ఆ రోజుల్లో దుబాయికి ఉత్తరానికి బదులు మాటలు క్యాసెట్లో నింపి, ఊరి నుంచి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. పెండ్లైన కొత్తలో ప్రేమలత మాటలతో ఊరుకోక, మొగుణ్ని తిట్టే తిట్లన్నీ పాట కట్టి పంపింది. "ఇది నువ్వొక్కనివే ఇను. ఇంకెవ్వల చెవిల వడ్డా నేను మళ్ల పాట పాడ" అని క్యాసెట్టు మొదట్లోనే ఒట్టు పెట్టింది. తానొక్కడే విన్నానని విఠల్ ఇప్పటికీ చెబుతుంటాడు. అందులో నిజమెంతో కాసేపట్లో మనకే తెలుస్తుంది. పొద్దున ఆమె కూనిరాగం వినబడితే తప్ప ఆయనకు చాయ్ గొంతు దిగదు. అంచేత ఆ ఒట్టు మామూలు ఒట్టు కాదు.

"వందేండ్ల కింద విమానమెక్కినోడెవడురా?" అన్నాడు నీరసంగా.

"పుష్పక విమానం కావచ్చు మామా. కట్టినోళ్లెవలో తెల్వది గద, 'అజ్ఞాత' అని పెట్టిన."

అజ్ఞాత బయట కారులో కూర్చుని హారన్ కొడుతోంది.

"తియ్యిరా దాన్ని."

"తీస్తే ఏమైతది మామా, డీజేలోళ్లందరు నిన్ననే దింపుకున్నరు."

విఠల్ తిరిగొచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. "పెన్‌డ్రైవ్ కరాబైందట," అన్నాడు. "నీ పనులన్ని గంతే," అని ప్రేమలత తానే కూనిరాగం అందుకుంది. ఇది ఆఖరి రాగం కాకూడదని ఆయన వేములవాడ దాటేదాకా మొక్కుతూనే ఉన్నాడు.

ఫంక్షన్ హాలుకు చేరగానే, పెండ్లివారిని పలకరించకుండా నేరుగా డీజే దగ్గరికి పోయాడు. "తమ్మీ, గురకలోడి పాట వెయ్యకు."

"ఎందుకంకుల్? ఇప్పుడు గదే నడుస్తున్నది."

విఠల్‌కు కారణం తోచలేదు. తోచనప్పుడు మనిషి ఊరుకోవాలి, కానీ ఆయన ఊరుకోలేదు. "గా గురక పాట వేస్తే పెండ్లి నిలువదంటరు," అనేశాడు.

డీజే ఆ మాట ఫొటోలు తీసేవాడికి చెప్పాడు. వాడు వంటాయనకు చెప్పాడు. వంటింట్లో దానికి కాస్త పోపు పడింది. అది మగపెండ్లివారి విడిదికి చేరేసరికి, పెండ్లికొడుకు గురక పెడతాడనీ, అందుకే ఈ పెండ్లి నిలువదనీ ఆడపెండ్లివారే అంటున్నట్టు తయారైంది. పెండ్లికొడుకు తల్లి, వీర్నపల్లి సత్యవ్వ, కొంగు నడుముకు చుట్టి మండపం ముందుకొచ్చి నిలబడింది.

"నా కొడుకు గురకవెడ్తడని ఎవలన్నరు? ఎవలన్న పక్కల పండి చూసిండ్రా?"

బాజాలు ఆగిపోయాయి. పెండ్లిపిల్ల తండ్రి కిష్టయ్యకు చెమటలు పట్టాయి. ముహూర్తం దాటిపోతుందని అయ్యగారు గొణుగుతున్నారు. తన మూలంగా ఒక ఆడపిల్ల పెండ్లి ఆగిపోయేలా ఉందని విఠల్‌కు అర్థమైంది. ఇక దాచి లాభం లేదని ముందుకొచ్చాడు.

"గురకవెట్టేది నీ కొడుకు కాదక్కా. పాటల ఉన్నోడు. 'గురకలోడా' అని ఒక పాటున్నది, గది వెయ్యద్దన్న."

"గదా? గది మా ఊరి పాటనే. మా అత్త పాడేది. దానికి వంక వెడ్తవా?" అని సత్యవ్వ అక్కడికక్కడే ఎత్తుకుంది.

"అత్తరు సీసా పంపితివి గురకలోడా,
ఆడిబిడ్డ దోసుకునె గురకలోడా..."

వీర్నపల్లి ఆడవాళ్లంతా చప్పట్లు కలిపారు. కుర్చీల వరుసలోంచి ప్రేమలత మెల్లగా లేచింది.

"గా పాట మీకెక్కడిది?"

గొడవ పాట మీదికి మళ్లిందని కిష్టయ్యకు ప్రాణం లేచొచ్చింది. "గది మా దుబాయి రూం పాట వదినె. ప్రతి శుక్కురారం విఠలన్న టేపు వెట్టేటోడు. మస్తు నవ్వేటోళ్లం, ఏడ్సేటోళ్లం. రూంల వీర్నపల్లోళ్లు సుత ఉండిరి. అందరం ఇండ్లకు వోయి పెండ్లాలకు నేర్పినం."

ప్రేమలత మొగుడి వైపు తిరిగింది. "ఎందరికి ఇనిపిచ్చినవ్?"

"రూంల ఉన్నోళ్లకే."

"రూంల ఎందరు?"

"రూము జర పెద్దది," అన్నాడు విఠల్ చెప్పులు చూసుకుంటూ.

ఆమె పోయి డీజే చేతిలో మైకు తీసుకుంది. తన పని అయిపోయిందనుకున్నాడాయన. కానీ ఆమె సత్యవ్వ వైపు చూసింది.

"ఆడిబిడ్డ దోసుకునుడు కాదు. 'అత్త నోరు మూయదాయె.' గది అసలు ముచ్చట."

"మా అత్త గట్ల పాడలె."

"మీ అత్త అత్తను తిట్టుకుంట ఎందుకు పాడుతది?"

హాలంతా ఘొల్లుమంది. సత్యవ్వకూ నవ్వు ఆగలేదు, కానీ ఓడిపోవడం ఆమెకు చేతకాదు. "నీకేమెరుక అక్కా. ఇది జానపదం. పెద్దలు కట్టింది."

"కట్టింది నేనే."

"అందరు గట్లనే అంటరు."

"మరి గీ చరణం మీకస్తదా? పాట అయిపోకముందే క్యాసెట్టు ఒడిసింది," అని ప్రేమలత కండ్లు మూసుకుని పాడింది.

"మంచమంత నాదేనాయె గురకలోడా,
నీ గురక ఇనకుంటే గురకలోడా,
నిదుర నాకు రాకపాయె గురకలోడా."

దుబాయి రూములో ఉండి వచ్చిన ముసలి మగాళ్లు తువ్వాళ్లు ముఖాలకు పెట్టుకున్నారు. అదంతా ఉత్త తిట్ల పాటేనని ఇన్నేండ్లూ నమ్మిన విఠల్, పెండ్లిలో పదిమంది చూస్తున్నారని కూడా మరిచి ఏడ్చాడు. సత్యవ్వ వచ్చి ప్రేమలత చేయి పట్టుకుంది. బాజాలు మళ్లీ మోగాయి.

తిరుగు దారిలో ఆయన చాలాసేపు నసిగి అడిగాడు. "మళ్ల పాడ అని ఒట్టు వెట్టినవ్ గద?"

"ఒట్టు తీసి గట్టు మీద వెట్టు. ముందు తొవ్వ చూసి నడుపు," అని ఆమె మొదటి చరణం నుంచి అందుకుంది.

మర్నాడు జగదీశ్ ఆ పెండ్లి వీడియోను ఛానల్‌లో పెట్టాడు. దాని కింద మొట్టమొదటి కామెంటు ఇది: "ఆఖరి చరణం అసలు జానపదంలో లేదు. పాట పూర్తిగా రాకపోతే పాడకండి అమ్మా."