కెప్టెన్ ప్లంకెట్ గారి పవిత్రమైన మసి

ప్లంకెట్‌విల్ పురపాలక సంఘం పద్దెనిమిది వందల డెబ్భై నాలుగో సంవత్సరపు ఏడో తీర్మానం ఇలా శాసిస్తోంది: కీర్తిశేషులు కెప్టెన్ ప్లంకెట్ గారు యుద్ధంలో పంతొమ్మిదిమంది శత్రువులను మట్టుబెట్టిన రివాల్వరును ఇకమీదట ఎవరూ కడగరాదు. దానిమీది మసి చరిత్ర. తుప్పు తియ్యడం తప్పు.

మందు కూరే తుపాకీని పేల్చిన రోజే వేడి సబ్బునీళ్లతో కడిగి, కొవ్వు రాయకపోతే లోపలంతా తినేస్తుందని కాన్సస్‌లో గోధుమ కోసేవాడిక్కూడా తెలుసు. అయితే వాడు సంఘ సభ్యుడు కాడు.

పదేళ్లుగా ఆ రివాల్వరు టౌన్‌హాల్లో పొయ్యికి పైన వేలాడుతూ చరిత్రను దట్టంగా పట్టించుకుంటోంది. ఈ ఏటి యుద్ధ విజయోత్సవంలో దాన్ని పేల్చి చూపించాలని కెప్టెన్ గారి అల్లుడూ, ఆ కారణం చేతనే మేయరూ అయిన హొరేషియో బ్లాంట్ గారు సంకల్పించారు. పేలేలా చూడాల్సింది ఊరి తుపాకుల మరమ్మతుదారు అమోస్ టిబెట్స్. పేలకపోతే అతని పదవీ పోతుంది, టౌన్‌హాలు పక్కన సంఘం ఇచ్చిన కొట్టూ పోతుంది.

అమోస్ గడియ పెట్టుకుని తుపాకీ విప్పాడు. ఆరు గదుల్లోనూ ఆరు గుళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గొట్టం లోపల కార్ఖానాలో పూసిన జిడ్డు మైనంలా గట్టిపడి ఉంది. పొగ జాడే లేదు. మందు అంటించే రాగి టోపీలు పచ్చగా చిలుమెక్కాయి. చరిత్రంతా పైపైనే ఉంది. అదీ పొయ్యిది.

"అయ్యా, కెప్టెన్ గారు దీన్ని ఒక్కసారి కూడా పేల్చలేదండీ," అన్నాడు మేయరుతో, గొంతు తగ్గించి.

"మరి ఆ పంతొమ్మిదిమంది?"

"వాళ్లనే అడగాలండీ."

"ఏమయ్యా, కొట్టు మీద విసుగు పుట్టిందా? ఉన్నది ఉన్నట్టు బిగించు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మాత్రం మానుకో."

"పోనీ, కొత్త టోపీలైనా పెట్టనివ్వండి."

"మా మామగారు స్వహస్తాలతో పెట్టిన టోపీలయ్యా అవి!"

ఆ మాట మాత్రం నిజం.

ఉత్సవం నాడు మేయరు గారు గంటన్నర సేపు పేలారు. "సోదరులారా! ఈ ఆయుధం గర్జిస్తే ఆనాడు శత్రువు వణికాడు, ఈనాడు ఆకాశం వణుకుతుంది!" అని చెయ్యెత్తి మీట నొక్కారు.

టిక్.

ఆరుసార్లూ టిక్కే. ఆకాశం నిబ్బరంగా ఉంది.

"ఏవర్రా, పేలిందా?" అని అడిగింది వెనక వరసలో మొక్కజొన్న కంకి కొరుకుతున్న ముసలమ్మ.

మేయరు గారు అమోస్ వైపు తిరిగారు. "లోపం ఎక్కడుందో నలుగురి ముందూ పరీక్షించి చెప్పవయ్యా."

అమోస్ తుపాకీని తిప్పి చూశాడు. తల తిప్పి తన కొట్టును చూశాడు.

"తుపాకీలో లోపమేం లేదండీ. ఆరుసార్లూ పేలింది. వినపడనివాళ్లు చెవుల్ని వేడి సబ్బునీళ్లతో కడిగించుకోవాలి."

ముందుగా పాస్టరు గారు చెవులు గట్టిగా మూసుకున్నారు. తర్వాత ముందు వరస. ఆఖరికి ముసలమ్మ కూడా కంకి కింద పడేసి, "అమ్మో, ఏం మోత!" అంది.

సంఘం ఎనిమిదో తీర్మానం చేసి, చెవులు కడిగే పనిని కూడా అమోస్‌కే అప్పగించింది. కొట్టు ముందు రోజూ నీళ్లు కాగుతూనే ఉంటాయి. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. ఊళ్లో అందరి చెవులూ శుభ్రంగానే ఉన్నాయి.

మీవి?