ఏ పేపరండీ?

ఆదివారం పొద్దున్నే బీమా ఆఫీసు హెడ్ క్లర్కు కొత్త కెమెరా మెడలో తగిలించుకుని, భార్యను కారెక్కించాడు. ఆఫీసు పత్రిక వాళ్లు ఫోటోల పోటీ పెట్టారు. కిందటేడు పక్క సీటు క్యాషియరు ఒక కొంగ ఫోటోతో బహుమతి కొట్టేసినప్పటి నుంచీ ఇతనికి మనశ్శాంతి లేదు.

"మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాంగా?" అంది భార్య.

"ప్రశాంతంగా నిద్రపోతున్న ఊరొకటి దొరికితే చాలు. నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేయడమే."

పొలాల మధ్య దారిలో చాలా దూరం పోయాక ఊరు దొరికింది. ఉన్నది ఒక్కటే వీధి. దుకాణాలన్నీ సగం తలుపులు వేసుకుని కునుకు తీస్తున్నాయి. సెలూను తలుపు నీలం రంగు పెచ్చులూడిపోయింది. దాని ముందు బెంచీ మీద గుబురు గడ్డం పెద్దాయన ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. హెడ్ క్లర్కు ఆనందం పట్టలేక నడివీధిలో మోకాళ్ల మీద కూలబడి ఫోటో తీశాడు.

చప్పుడు విని సెలూనతను బయటికొచ్చాడు. "ఏ పేపరండీ?"

ఏ పేపరూ కాదంటే సరిపోయేది. కానీ అతని కళ్లలో మెరుపు చూసేసరికి హెడ్ క్లర్కు ఛాతీ తనంతట తనే పొంగింది. సొంత ఆఫీసులో కూడా ఎవరూ అతణ్ణి అలా చూసి ఎరగరు. "వస్తుంది, చూస్తారుగా" అన్నాడు.

"అయితే ఆగండాగండి! ఈ అవతారంతో పేపర్లోకెక్కితే మా ఊరి పరువేం కావాలి?"

పెద్దాయన కళ్లు తెరిచేలోగా మొహం నిండా నురగ పట్టేసింది. ఏం జరుగుతోందో అడిగేలోగా గడ్డం పోయింది. దర్జీ ఎవరిదో కొత్త చొక్కా తెచ్చి ఆయనకు తొడిగాడు. దుకాణాలు తెరుచుకున్నాయి, వీధి ఆ చివరి దాకా ఊడ్చారు. సెలూనతను రంగు డబ్బా తెచ్చి తలుపుకు పూత మొదలుపెట్టాడు. "వంతెన కూలిపోయిందండీ, అది కూడా రాయండి" అన్నాడు పోస్టుమాస్టరు. హెడ్ క్లర్కు సిగ్గులేకుండా అరచేతి మీద రాసుకున్నాడు.

చివరికి పెద్దాయన అతణ్ణి దగ్గరికి పిలిచాడు. "బాబూ, మా అమ్మాయి మీ పట్నంలోనే బట్టలు కుట్టే షాపు పెట్టుకుంది. తెరిచిన రోజు బోర్డు వంకరగా ఉందన్నాను. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు. పేపరు మాత్రం రోజూ చదువుతుంది. నవ్వుతున్నట్టు తియ్యి బాబూ. నాకు కోపం లేదని తెలుస్తుంది."

హెడ్ క్లర్కు కెమెరా ఎత్తాడు, దించాడు. భార్య కారు దిగి పక్కకొచ్చి, "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది మెల్లగా.

"నేను పేపరు మనిషిని కాదండీ" అన్నాడు. "బీమా ఆఫీసులో క్లర్కుని." హెడ్ అనే మాట నోటికి రాలేదు.

రంగు వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "మరి మా ఊళ్లో ఏం చూసి దిగారు?" అన్నాడు దర్జీ.

"నిద్రపోతున్నట్టుందని..."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పోస్టుమాస్టరు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. సెలూనతను, "సగంలో వదిలేస్తే బాగుండదు" అని గొణుక్కుని మళ్లీ కుంచె ముంచాడు. పెద్దాయన బోసి చెంపలు తడుముకుంటూ కూర్చున్నాడు. హెడ్ క్లర్కుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"షాపు ఎక్కడో చెప్పండి. ఫోటో నేనే తీసుకెళ్లి మీ అమ్మాయి చేతికిస్తాను" అన్నాడు. పెద్దాయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఫోటోలో ఆ ప్రయత్నమే పడింది.

మర్నాడు సాయంత్రం పట్నంలో పెద్దాయన కూతురి షాపుకెళ్లి హెడ్ క్లర్కు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. కూతురు మిషను ఆపి ఫోటో అందుకుంది.

"నేను మాట్లాడకపోవడమేంటండీ? అలిగింది ఆయన! బోర్డు ఆ రోజే సరిచేయించాను. వచ్చి చూడందే ఆయనకెలా తెలుస్తుంది?" అంటూ ఫోటోను దీపం దగ్గరికి పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. "ఆదివారం మీ కారు ఖాళీయేనా?" అంది.

ఆదివారం ఆమెను ఎక్కించుకుని దంపతులు మళ్లీ ఆ వీధిలో దిగారు. కెమెరా ఇంట్లోనే ఉండిపోయింది. కూతుర్ని చూడగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. కూతురు బెంచీ దాకా వచ్చి ఆయన బోసి చెంపల వైపు చూసింది. హెడ్ క్లర్కు చిన్నగా దగ్గాడు.

"గడ్డం తీయించుకుని సగమైపోయావేంటి నాన్నా?" అంది కూతురు.

"నేనెక్కడ తీయించుకున్నానమ్మా? ఇదుగో, ఈయన వల్లే."

"ఏమండీ, నిద్రపోతున్న మనిషిని అలా ఎలా చేస్తారండీ?"

"అదే కదా! ఒక్క మాట అడగద్దూ?"

ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కనే సర్దుకుని కూర్చుని, ఒకరు ఆపితే ఒకరు అందుకుంటూ అతణ్ణి కడిగేశారు. హెడ్ క్లర్కు ఎండలో చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడ్డాడు.

చాలా కాలానికి తండ్రీకూతుళ్ల మాట కలిసింది.