జలాల్ బల్ల, మహాగని గడియారం

ఆ రోజుకు జలాల్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పదింటికి పాలిష్ మొదలుపెట్టాలి, నాలుగింటికి గడియారం అప్పజెప్పాలి.

గడియారం యాప్రాల్ నుంచి వచ్చింది. ఇంగ్లండులో చేసిన మహాగని చెక్క పెట్టె, ఇత్తడి కాళ్లు, రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. దాన్ని తెచ్చిన మనోరమ, దేవరయాంజాల్‌లోని అతని వడ్రంగి షాపులో బల్ల మీద పెట్టి, లోలకాన్ని తనే కదిపింది.

"నాయిన పోయినంక ఇంట్ల ఆయన సప్పుడంటే ఇదే, భాయ్. పెట్టెకే పాలిష్ వెయ్యిండ్రి. మిషను ముట్టకుండ్రి."

పని నచ్చితే ఇంట్లోని పాత సామానంతా అతనికే ఇస్తానని కూడా చెప్పి వెళ్లింది.

మొదటి పూత అయ్యాక జలాల్ గడియారాన్ని మెల్లగా తిప్పి వెనక అద్దంలోంచి చూశాడు. లోపలి ఇత్తడి పలక నిండా తీగలు, పూలు చెక్కి ఉన్నాయి. ఎప్పుడూ గోడ వైపు ఉండే భాగం అది. ఎవరూ చూడరని తెలిసీ ఒకడు అక్కడ రోజుల తరబడి కూర్చున్నాడన్నమాట. జలాల్‌కు తన బల్ల గుర్తొచ్చింది. ఎడమ వైపు కాళ్లు అరంగుళం పొట్టి. కింద ఎవరు చూస్తారులే అని పన్నెండేళ్లుగా అలాగే వదిలేశాడు.

సిగ్గేసింది. గడియారాన్ని కిందికి దించాడు. కరెంటు లేకపోయినా చేతిరంపంతో టేకు ముక్కలు కోసి, ఆ కాళ్లకు మేకులతో బిగించాడు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్య నిలబడింది. తృప్తిగా గడియారాన్ని పైకెక్కించి, మనోరమ కదిపినట్టే లోలకాన్ని కదిపాడు. నాలుగుసార్లు ఊగి ఆగింది. మళ్లీ కదిపాడు. మళ్లీ ఆగింది.

పక్క సైకిల్ షాపు సిద్దయ్య వచ్చి, లోపల దుమ్ము చేరిందని తేల్చి, పంపుతో గాలి కొట్టాడు. గడియారం నడవలేదు గానీ, బల్ల మీది రంపపు పొట్టు లేచి తడి పాలిష్‌కు అంటుకుంది. అప్పుడే సద్ది తెచ్చిన భార్య షహర్ బాను, ఉన్నదున్నట్టు చెప్పెయ్యమంది.

"జెప్తె మిగిలిన సామాను ఇస్తదా?" అన్నాడు జలాల్.

"ఆమెకు గావల్సింది సప్పుడే గదనే," అన్నాడు సిద్దయ్య.

షాపు గోడ మీది ప్లాస్టిక్ గడియారం దిగివచ్చి, మహాగని పెట్టె వెనక గుడ్డ కింద దాక్కుంది.

నాలుగింటికి మనోరమ వచ్చింది. కాసేపు కళ్లు మూసుకుని విన్నది.

"మా నాయిన ఇంత నిదానంగ నడవడు, భాయ్."

సిద్దయ్యకు తన షాపులో ఏదో పని గుర్తొచ్చింది. జలాల్ తలవంచుకుని, చెక్కిన పూల దగ్గర్నుంచి గోడ గడియారం దాకా అంతా చెప్పాడు. ఆమె వంగి బల్ల కాళ్లు చూసింది. పేపరు ముక్క మడిచి గడియారం కుడి కాళ్ల కింద దూర్చి, లోలకాన్ని కదిపింది. గడియారం చకచకా నడక మొదలుపెట్టింది.

"శిన్నప్పుడు నేనే కింద పడేసిన. అప్పటి సంది ఎడమకు ఒరిగితెనే నడుస్తది. పొద్దున కాగితం లేకుండనే మీ బల్ల మీద నడిస్తె, ఈయనకు పని ఎరుక అనుకున్న."

సామాను కూడా అతనికే అంది. పాలిష్ మొదటినుంచి వేయాలి కాబట్టి గడియారాన్ని మూడు రోజులు వదిలి, కాగితం కన్నా పాత బల్లే నయమని చెప్పి వెళ్లింది.

జలాల్ బల్లను తిరగేసి మేకులు పీకడానికి కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా ఒక్కటీ ఊడిరాలేదు. ఎవరూ చూడని చోట అతడు గట్టిగా పని చేయడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి మరి.