నిచ్చెనమ్మ విషయం

దర్జీ పెళ్ళాం తన రెండు కళ్ళతో చూసిందట. తోట కంచె పక్కనుంచి వస్తుంటే ఎదురెండలో నిచ్చెనమ్మ కనిపించిందట. పొట్ట ఇంతెత్తున ఉందట, చెయ్యి నడుం మీద ఉందట. కాలీడ్చుకుంటూ "నిండిపోయిందే, ఇంక మొయ్యలేను, ఎక్కడో అక్కడ దించుకోవాలి" అని తోటి మనిషితో అంటోందట. "తన నోటితో తనే అన్నాక నేను కల్పించేదేముంది వదినా," అని దర్జీ పెళ్ళాం కుళాయి దగ్గర చెప్పింది. అక్కడ పడ్డ మాట బిందెల్లో కూర్చుని వీధంతా తిరిగింది.

చూసింది అబద్ధం కాదు. కాయ కోసేవాళ్ళు సంచిని రెండు భుజాలకూ తగిలించి పొట్ట మీదకు వేలాడేసుకుంటారు. నారింజ ముళ్ళకు చేతులు చీరుకుపోకుండా నిచ్చెనమ్మ తన మొగుడి పాత వాచ్‌మన్ చొక్కా తొడుక్కుంటుంది. చొక్కా ఖాకీ, సంచీ ఖాకీ. దూరం నుంచి చూసేవాళ్ళకు ఏది సంచో ఏది మనిషో తెలియదు. నిండిన సంచిని పెట్టెలో దించాలి, ఆ మాటే అంది. కాలీడ్చడం మాత్రం వేరే సంగతి. నలభై ఏడేళ్ళ మనిషి, పన్నెండు కాపులుగా తోటలో ఎత్తు చెట్లన్నీ నిచ్చెనేసుకుని ఎక్కేది ఆమే, ఆ పేరు వచ్చిందీ అందుకే. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి.

కాపు చివర్లో మేస్త్రి వచ్చే ఏటి మనుషుల పేర్లు రాస్తాడు. కుంటే కాలు ఆయన కంట పడితే పేరు గల్లంతే. పోయినేడు నడుం పట్టేసిన ఒకావిడకు మందు చెప్పినంత తేలిగ్గా ఇంటిదారి చెప్పాడు. కాబట్టి మర్నాడు ఉదయం నిచ్చెనమ్మ వేసుకున్న పథకం చిన్నదే. మోకాళ్ళకు గుడ్డ బిగించి కట్టి, మిగిలిన నాలుగు రోజులూ నవ్వు మొహంతో ఎక్కి దిగడం.

బిందె ఎత్తబోతే అత్తగారు అడ్డం వచ్చింది. "దించవే. ఇలాంటప్పుడు బరువులెత్తకూడదు."

నిచ్చెనమ్మ బిందె వదిలేసింది. ముసలామె కళ్ళు సన్నగిల్లాయనుకుంటే మోకాళ్ళ దాకా చూసేసింది. "అత్తా, మీ అబ్బాయితో అనకండి," అంది గొంతు తగ్గించి.

"వాడికే తెలీదా?" అని అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. ఆ వేలు సాయంత్రం దాకా తియ్యలేదు.

మంచు ఆరేదాకా కాయ మీద చెయ్యి వెయ్యకూడదు, తడి కాయను తాకితే తొక్క మచ్చపడుతుంది. అందుకని పొద్దున్నే అరగంట సేపు కూలీలంతా గట్టు మీద కూర్చుంటారు. చేతులకు పని లేని అరగంట అది, నోళ్ళకు చేతినిండా పని. మంచు ఆరేసరికి మాట మేస్త్రి చెవిలో పడింది.

"నిచ్చెనమ్మా, విషయం తెలిసింది," అన్నాడాయన చెట్టు వైపు చూస్తూ.

ఆమె చీర ఇంకాస్త కిందికి లాక్కుంది. "ఎవరు చెప్పారండీ?"

"ఎవరైతేనేంలే. ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలండీ."

"ఇది దాచితే దాగేదా?"

"దాచకపోతే పేరు కొట్టేస్తారని."

మేస్త్రికి ఎక్కడో చురుక్కుమంది. "నేనంత కసాయివాణ్ణా? డాక్టరుకు చూపించావా?"

"చూపించేదేముందండీ, ఈ వయసులో వచ్చేవే. మా అమ్మకూ నా వయసులోనే వచ్చాయి."

మేస్త్రి ఆ వంశానికి మనసులోనే దణ్ణం పెట్టాడు. తర్వాత ఒక మాట దగ్గర ఆగాడు. "వచ్చాయి అంటున్నావు. అంటే ఒకటి కాదా?"

"రెండూనండీ. ఎడమది కాస్త నయం. కుడిదే, లోపల్నించి ఒకటే పోట్లు. కంటిమీద కునుకు పడనివ్వదు."

మేస్త్రి నిచ్చెన తానే భుజాన వేసుకుని పోయాడు. తోట మొత్తానికి కుర్చీ ఒక్కటే, అది మేస్త్రిది. ఒక చెయ్యి విరిగినదే అయినా ఇంకొకరు దాంట్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఆ కుర్చీ తెచ్చి కాయలు ఏరే షెడ్డులో ఫ్యాను కింద వేశాడు. "పెద్ద కాయ ఇటు, చిన్న కాయ అటు. లేవకు."

నిచ్చెనమ్మ కూర్చుంది. పన్నెండేళ్ళుగా ఈయన్ని తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ కాయలు ఏరింది.

కవలలన్న మాట చెట్టు చెట్టుకూ పాకింది. ఒకామె ఒడినిండా పులుపు కాయలు తెచ్చింది. "తిను వదినా, నోటికి హితవుగా ఉంటాయి."

"వద్దే తల్లీ. పులుపు పడితే ఇంకా ఎక్కువవుతాయి."

"ఇంకా ఎక్కువా?" అని ఆమె ఒడి వదిలేసింది. కాయలు షెడ్డంతా దొర్లాయి.

అప్పుడే తోట యజమాని వచ్చాడు. మేస్త్రి నిలబడి ఉండటం, కూలిమనిషి కూర్చుని ఉండటం చూసి, దారి తప్పి వేరే తోటకు వచ్చానేమో అనుకున్నాడు. మేస్త్రి ఆయన చెవిలో సంగతి చెప్పాడు. యజమానికి ఈమధ్యే మనవడు పుట్టాడు, మనసు మెత్తగా ఉంది. "వచ్చే కాపుకు ఆవిడ పేరు షెడ్డు పనికే రాసెయ్యి," అన్నాడు అందరూ వింటుండగా. మేస్త్రి జేబులోంచి కాగితం తీసి రాశాడు. పెన్సిల్‌తో రాసే మనిషి, ఆ ఒక్క పేరూ పెన్నుతో రాశాడు.

ఆ సిరా ఆరకముందే సైకిలు పడేసి మొగుడు లోపలికొచ్చాడు. గోడౌను గేటు దగ్గర పొద్దుటి నుంచి పదిమంది అతని చెయ్యి ఊపి వెళ్ళారట, ఎందుకో పదకొండోవాడు చెప్పాడట.

"ఏమే, నాకొక్క మాట చెప్పక్కర్లేదా?"

"చెప్తే పని మానిపిస్తావని."

"నాకు యాభై రెండేళ్ళొచ్చాయి. వాళ్ళని భుజాల మీద తిప్పే ఓపిక నాకెక్కడిది?"

"ఎవర్ని?"

"ఇద్దర్నీ."

నిచ్చెనమ్మ మొగుడి మొహం చూసింది. కింద దొర్లిన పులుపు కాయలు చూసింది. తన కింద ఉన్న కుర్చీ చూసింది. అత్తగారి వేలు గుర్తొచ్చింది. వంగి చీర కాస్త పైకి లాగి, కట్టిన గుడ్డలు రెండూ విప్పింది. మోకాళ్ళు రెండూ ముగ్గిన నారింజల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఇవే మీ కవలలు."

 ముందు తేరుకున్నది మేస్త్రే. పొద్దుటి నుంచి నిలబడి ఆయన కాళ్ళూ పీకుతున్నాయి.

"ఓస్, మోకాళ్ళేనా. ఆ మాట ముందే చెప్పొద్దూ," అంటూ కాగితం విప్పి పెన్ను మూత తీశాడు. "లే అమ్మా, కుర్చీ ఇలా ఇయ్యి. నడవలేని మనుషుల పేర్లు నేను రాయను."

నిచ్చెనమ్మ లేవలేదు.

"లేని కడుపుకు అడక్కుండానే కుర్చీ వేశారు మేస్త్రీ గారూ. ఉన్న మోకాళ్ళు పన్నెండేళ్ళు మీ నిచ్చెన మీదే అరిగాయి. ఏది ఉంటే కూర్చోనిస్తారో ఇప్పుడే చెప్పండి, వచ్చే ఏడు అదే మోసుకొస్తాను."