దిష్టిబొమ్మ కడుపులో నవల

ఆ రోజు పొద్దున హీబా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు జగదీశ్వర్ సారు హైదరాబాద్ బయలుదేరుతారు. ఆయన చేతిలో తన నోటుబుక్కు పెట్టాలి. ఆయన దాన్ని సాయంత్రం ఐదులోగా పిల్లల పత్రిక ఆఫీసులో ఇస్తారు. నవలల పోటీకి అదే ఆఖరి రోజు. ఇంతే. ఇంత చిన్న పథకం చెడగొట్టాలంటే ఒక్కరి వల్ల కాదు, ఇంటిల్లిపాదీ పూనుకోవాలి. పూనుకున్నారు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. సిద్దిపేటలో బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. పదో తరగతి చదివే హీబాకు నెలరోజులు ఖాళీ దొరికింది. మిగతా పిల్లలు బస్సుల్లేని రోడ్డు మీద క్రికెట్ ఆడుకుంటుంటే ఈ పిల్ల నవల రాసింది. తెలుగు చెప్పే జగదీశ్వర్ సారు ఇంట్లో అట్టలూడిన రష్యా జానపద కథల పుస్తకాలు ట్రంకుపెట్టెడు ఉన్నాయి. ఎప్పుడో వ్యానులో తెచ్చి చవగ్గా అమ్మితే కొన్నవి. అవన్నీ చదివి హీబా తన సొంతంగా వేరా అనే పద్నాలుగేళ్ల పిల్లను పుట్టించి, మంచు అడవిలోకి తోలింది. ఆ అడవిలో కోడికాళ్ల మీద నిలబడి గిరగిరా తిరిగే గుడిసె ఉంది. రోట్లో కూర్చుని, రోకలితో గాలిని తోసుకుంటూ ఎగిరే ముసలి మంత్రగత్తె ఉంది. వేరా తమ్ముణ్ని ఎత్తుకుపోయిన చావులేని రాజు ఉన్నాడు. వాడి ప్రాణం సూది మొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేట్లో, కుందేలు ఇనప్పెట్టెలో. మొత్తం నూట తొంభై రెండు పేజీలు. ఉన్నది ఒక్కటే ప్రతి.

ఏ రోజు రాసింది ఆ రోజు నానమ్మకు, అంటే దాదీ షమ్షున్నీసాకు, చదివి వినిపించేది. దాదీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. "రోల్ల కూసోని ఊరంత తిరిగితే మరి ఆమె కారం దేంట్ల దంచుకుంటది?" అని ఒకరోజు అడిగింది. హీబా వెంటనే మంత్రగత్తెకు రెండో రోలు ఇప్పించింది.

తండ్రి షబ్బీర్‌కు మాత్రం ఈ సంగతేమీ తెలియదు. ఆయన దర్జీ. దుకాణం ముందు, ఇల్లు వెనక. బడి లేకపోతే కాజాలు కుట్టడమన్నా నేర్చుకోవాలనీ, పదో తరగతి పరీక్షలు నెత్తి మీదున్నాయనీ రోజుకు నాలుగుసార్లు అనేవాడు. అందుకని హీబా తన నవలను చావులేని రాజు పద్ధతిలోనే దాచింది. నోటుబుక్కు ప్లాస్టిక్ కవర్లో, కవరు పాత దిండు గలీబులో, గలీబు దుకాణంలో బల్ల కింద ఉండే పీలికల సంచిలో. దర్జీ దుకాణంలో గుడ్డ పీలికల సంచి జోలికి పోయేవాడెవడు?

మామూలు రోజుల్లో ఎవడూ పోడు. కానీ అవి చౌరస్తాకొక దిష్టిబొమ్మ కాలుతున్న రోజులు. దిష్టిబొమ్మలకు ఆ చుట్టుపట్ల షబ్బీర్‌దే పేరు. గడ్డి కుక్కిన బొమ్మ వానకు నానితే అంటుకోదు. షబ్బీర్ పీలికలు కుక్కిన బొమ్మకు అగ్గిపుల్ల చూపిస్తే చాలు. పైగా దానికి కాలరు, జేబు, గుండీలు అన్నీ ఉంటాయి. "కాలవెట్టేదానికి గుండీలెందుకు భాయ్?" అని ఎవరన్నా అడిగితే, "గుండీల్లేని అంగీ నా దుకాణంలకెళ్లి బయటికి పోదు" అనేవాడు. అది ఏ మంత్రి బొమ్మో అడిగేవాడు కాదు. ఎత్తు మాత్రం అడిగేవాడు.

తొమ్మిదిన్నరకు హీబా బల్ల కింద చెయ్యి పెట్టింది. సంచి ఖాళీ.

"అబ్బా, గీ సంచిల పీలికలేవి?" అని తండ్రిని అడిగింది.

"నిన్న పొద్దుగూకంగ రెండు బొమ్మలు కుట్టిన గదా," అన్నాడు షబ్బీర్ మిషన్ తొక్కుతూనే. "కరెంటు లేకుండె. చేతికి ఏది దొరికితే అది కుక్కిన. ఏమాయె?"

హీబా నేల మీద కూలబడింది. ఇక దాచి లాభం లేదు.

"అండ్ల నా పుస్తకం ఉండె."

"లెక్కల పుస్తకమా?"

"నవల. నేను రాసిన. సారు ఇయ్యాల పట్నం పట్కపోతనన్నడు."

షబ్బీర్ కాలు ఆగింది. "పుస్తకం పెట్టే జాగనానే గది? పీలికల్ల పుస్తకం పెట్టే తెలివి ఎవలిచ్చిన్రు నీకు? మనిషన్నంక వస్తువు ఏడ పెడుతున్నమో సోయి ఉండొద్దా?" అని మొదలుపెట్టి, సగంలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఎన్ని పేజీలు?"

"నూట తొంభై రెండు."

"అన్నీ నువ్వే రాసినవా?"

హీబా తలూపింది. కళ్లలో నీళ్లు ధారాళంగా వస్తున్నాయి. షబ్బీర్ మెడలోంచి టేపు తీసి మిషన్‌కు తగిలించాడు. పండగ నమాజుకు తప్ప ఆ టేపు ఆ మెడ దిగదు. "నడువు," అన్నాడు.

మొదటి బొమ్మ దగ్గరి చౌరస్తాలోనే. తండ్రీ కూతుళ్లు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అది కాలి బూడిదై, నినాదాలు కూడా చల్లారాయి. ఎదుటి దీక్షా శిబిరంలోంచి జగదీశ్వర్ సారు దిగి వచ్చారు. హైదరాబాద్ వెళ్లే రోజైనా గంటసేపు దీక్షలో కూర్చోనిదే ఆయనకు తోచదు. అందుకే తొమ్మిదింటికే వచ్చి, స్కూటరు షబ్బీర్ దుకాణం ముందు పెట్టి శిబిరంలో కూర్చున్నారు. సంగతి విని ఆయన ఓ కట్టెపుల్ల తీసుకుని బూడిదను నెమ్మదిగా కెలికారు.

"ఏడ్వకు బిడ్డా. అంత మందం పుస్తకం గింత మంటకు మాయం గాదు. అట్టన్న మిగులుతది. గీడ గుండీలే ఉన్నయి."

"ఏడు," అన్నాడు షబ్బీర్ వంగి లెక్కపెట్టి. అంత దుఃఖంలోనూ ఆయన గొంతులో కాస్త గర్వం వినిపించింది. "ఒక్కటి గుడ ఊడలే. అయితే రెండోదాంట్ల ఉండాలె. అది రాజమల్లన్న పట్కపోయిండు. కుకునూరుపల్లి కాడ ఇయ్యాల వంటావార్పు. వంట కాంగనే కాలవెడ్తరు."

"నా తొవ్వల్నే గదా. ఎక్కున్రి," అన్నారు సారు.

సారు స్కూటరు సంగతి ఊరంతా ఎరుగుదురు. అది ప్రతి పది కిలోమీటర్లకూ ఒకసారి ఆగుతుంది. సారు దిగి, పక్క డిక్కీ తెరిచి, పానా తీసి, ప్లగ్గు విప్పి తుడిచి బిగిస్తే గానీ కదలదు. ఆ డిక్కీకి తాళం లేదు. "తెలంగాణ వచ్చినంక చేపిస్త," అనేవారు. ముగ్గురూ దుకాణం దగ్గరికి వచ్చి దాని మీద సర్దుకుని కూర్చున్నారు. బండి కదులుతుండగా ఇంట్లోంచి దాదీ వాకిట్లోకి వచ్చి రెండు చేతులూ పైకెత్తి ఏదో అంటోంది. స్కూటరు మోతలో ఒక్క ముక్క వినిపించలేదు.

"అబ్బా, దాదీ మనకోసం దువా చేస్తుంది."

"ఆమీన్ అను."

హీబా అంది. షబ్బీర్ అన్నాడు. ఎందుకైనా మంచిదని జగదీశ్వర్ సారు కూడా అన్నారు.

తోవలో షబ్బీర్ కథేమిటని అడిగాడు. హీబా వెక్కుతూనే గాలికి ఎదురుగా అరిచి చెప్పింది. దుద్దెడ దాటేసరికి ఆయన మధ్యలో ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. "సూది మొనల ప్రాణమా? మొన ఇరగ్గొడితే అయిపాయె. నేను దినాం రెండు ఇరగ్గొడ్త," అన్నాడు. కాసేపాగి, "మరి ఆ పిల్లకు తమ్ముడు దొరికిండా?" అని అడిగాడు. దొరికాడని తెలిశాక ఆయన మనసు కాస్త కుదుటపడ్డట్టుంది, కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

కుకునూరుపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు మండుతున్నాయి. గుండిగలో అన్నం ఉడికింది, పప్పులో పోపు పడింది. ఆడవాళ్లు విస్తర్లు పరుస్తున్నారు. రోడ్డు మధ్యలో వెదురుకర్రకు కట్టిన బొమ్మ, కాలరు మడత నలగకుండా, నిటారుగా నిలబడి ఉంది. దాని ముందు నాయకుడు రాజమల్లయ్య అగ్గిపెట్టె పట్టుకుని ఉపన్యాసం ముగింపుకు వస్తున్నాడు.

"రాజమల్లన్నా, ఆగు," అని షబ్బీర్ జనంలోంచి తోసుకెళ్లాడు. "బొమ్మ కడుపుల నా బిడ్డ నవల ఉన్నది."

"భాయ్, ఇంతమంది చూస్తున్రు," అన్నాడు రాజమల్లయ్య గొంతు తగ్గించి. "ఇప్పుడు కాలవెట్టకుంటె రాజమల్లయ్య అమ్ముడువోయిండంటరు. నవల మళ్ల రాసుకోవచ్చు, ఇజ్జత్ మళ్ల రాదు."

హీబా ఇదంతా వినలేదు. నేరుగా వెళ్లి బొమ్మను వాటేసుకుంది. జనంలో గుసగుసలు లేచాయి. మంత్రి తరఫు పిల్ల అని ఒకరు, కాదు మంత్రి మేనకోడలేనని ఇంకొకరు. సరిగ్గా అప్పుడే పోలీసులు దూకారు. బొమ్మ అంటుకునేలోగా లాక్కోవడం వాళ్ల పని, లాక్కునేలోగా అంటించడం వీళ్ల పని, నెల రోజులుగా ఇరువైపులా అలవాటైన ఆట. హెడ్ కానిస్టేబుల్ బుచ్చయ్యకు ఇంతవరకు సగం కాలిన బొమ్మలే దొరికాయి. మొదటిసారి చెక్కుచెదరని బొమ్మ దొరికేసరికి ఆయన దాన్ని జాగ్రత్తగా ఎత్తి జీపులో పెట్టాడు. బొమ్మను వదలనంటూ హీబా ఎక్కింది. బిడ్డను వదలనంటూ షబ్బీర్ ఎక్కాడు. అరెస్టయితే ఇజ్జత్ నిలబడుతుందని రాజమల్లయ్య సంతోషంగా ఎక్కాడు. సారు స్కూటరు మీద వెనకే వెళ్లారు.

ఠాణాలో ఎస్సై ముందు బొమ్మను బల్ల మీద పడుకోబెట్టారు. బుచ్చయ్య కత్తి తీశాడు.

"కొయ్యకున్రి సార్," అన్నాడు షబ్బీర్. "కుట్లు నేనే ఇప్పుత."

ఆయన ఒక్కో కుట్టే విప్పుతుంటే హీబా కుర్చీ అంచుకు జరిగింది. మొదట దిండు గలీబు బయటికి వచ్చింది. ఆ పిల్ల ముఖం ఒక్కసారి వెలిగింది. గలీబు దులిపితే ఏమీ లేదు. బుచ్చయ్య మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి, చివరికి ఒక పుస్తకం లాగాడు. హీబా లేచి నిలబడింది. షబ్బీర్ మాత్రం కుర్చీలో కుంగిపోయాడు. అది నవల కాదు. ఆయన కొలతల పుస్తకం. చీకట్లో చేతికి దొరికింది కుక్కినప్పుడు అదీ లోపలికి పోయింది. వస్తువు ఏడ పెడుతున్నామో సోయి ఉండాలని పొద్దున చెప్పింది ఆయనే. హీబా తండ్రి వైపు ఒక్కసారి చూసింది.

బుచ్చయ్య పుస్తకం తెరిచి చదివాడు. "రాజమల్లయ్య. మెడ పదహారు. ఛాతీ నలభై రెండు." ఆయన గొంతు తగ్గింది. "సార్, పేర్లన్నీ లీడర్లయే ఉన్నయి. ఒక్కొక్కరి మెడ ఎంతుందో రాసుకున్నరు."

"ఇంకా ఎవరి పేర్లున్నాయి?" అన్నాడు ఎస్సై నిటారుగా కూర్చుని.

"మీది గుడ ఉంది సార్. నడుము నలభై ఆరు."

ఠాణాలో ఉన్న పదిమందీ ఎస్సై నడుము వైపు చూశారు. ఆయన పుస్తకం అందుకుని మూసేశాడు. "ఇందులో కేసేం లేదు. అందర్నీ పంపించెయ్," అన్నాడు.

బయటికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. పెళ్లిళ్ల కొలతలన్నీ ఉన్న పుస్తకం దక్కినందుకు షబ్బీర్ సంతోషించాల్సిందే, కానీ ఆయనకు దాన్ని చూస్తేనే సిగ్గుగా ఉంది. "నా తప్పే బిడ్డా. అంతా ఆగమాగం చేసిన. మళ్ల రాద్దం. నువ్వు చెప్పు, నేను రాస్త," అన్నాడు. సాయంత్రం ఐదింటిలోగా ఎలా రాస్తారో ఆయనకూ తెలియదు. హీబా తండ్రి చేతిని పట్టుకుని నిలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

సారు కిక్కు కొట్టారు. స్కూటరు లేవలేదు. పది సార్లు కొట్టినా లేవలేదు. "ఇంతసేపు నడవడమే ఎక్కువ," అని గొణుగుతూ దిగి, పానా కోసం పక్క డిక్కీ తెరిచారు. పానా మీద ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. కవర్లో నోటుబుక్కు, దాని అట్ట మీద కోడికాళ్ల గుడిసె బొమ్మ.

ఆ నవల సిద్దిపేట నుంచి వాళ్లతోనే, వాళ్ల కిందే కూర్చుని వచ్చింది. ప్రతి పది కిలోమీటర్లకూ ఆగే బండి, ఆగితే మంచిదైన ఆ ఒక్క రోజు ముప్ఫై కిలోమీటర్లు ఏకబిగిన పరుగెత్తింది. హీబా పేజీలన్నీ గబగబా తిప్పి చూసుకుని, నోటుబుక్కును గుండెకు హత్తుకుని పగలబడి నవ్వింది. షబ్బీర్ రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చుని, "యా అల్లా, బతికిచ్చినవ్," అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. సారు ప్లగ్గు తుడిచి బిగించి, నవలతో హైదరాబాద్ వెళ్లిపోయారు. నాలుగున్నరకు ఇచ్చేసినట్టు ఫోను చేశారు.

సాయంత్రం ఆటోలో ఇల్లు చేరేసరికి దాదీ వాకిట్లో కూర్చుని పాన్ నములుతోంది.

"నిన్న నీ అబ్బా సంచిల చెయ్యి వెట్టంగ చూసి, పుస్తకం తీసి నా జానిమాజ్ చాప కింద దాచిన," అంది తాపీగా. "పొద్దుగాల సారు బండి ముంగట్నే ఉండె, అండ్ల పెట్టిన."

"నాకు చెప్పకపోతివి దాదీ?"

"ఎట్ల చెప్త? నీ అబ్బాకు ఎరుక కావొద్దంటివి, ఆయన నీ పక్కనే ఉండె. మీరు పోతుంటె చేతులు లేపి ఒర్రిన. మీరు ముగ్గురు ఆమీన్ అనుకుంట పోతిరి."

షబ్బీర్ టేపు తీసి మెడలో వేసుకుని, కూతుర్ని మిషన్ పక్కన కూర్చోబెట్టుకుని, మంత్రగత్తెకు రెండో రోలు ఎలా వచ్చిందో మొదటి నుంచి చెప్పమన్నాడు.

మర్నాడు రాజమల్లయ్య వచ్చి ఇంకో బొమ్మ కావాలన్నాడు. షబ్బీర్ కుట్టిచ్చాడు, ఈసారి కడుపుకు కూడా గుండీలు పెట్టి.