ఛాతీ సరిపోయిన టైర్లు

పొద్దున ఏడింటికి దర్జీ వేసుకున్న లెక్క చాలా సులువుగా ఉంది. ముప్ఫై బ్యాండు కోట్లు జీపులో వేసుకుని, తొమ్మిదింటికల్లా కొండ మీది బడిలో ప్రధానోపాధ్యాయురాలి చేతిలో పెట్టాలి. పదింటికి పిల్లల కవాతు. ఈసారీ ఆలస్యమైతే వచ్చే ఏడాది యూనిఫారాలన్నీ ఎదురు దుకాణానికేనని ఆవిడ ముందే చెప్పేసింది. పన్నెండు కోట్లకు ఇంకా బొత్తాలు కుట్టాలి. ఆ పని మీద అత్తగారు సూదీ దారం పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆదివారం ఊరికి వెళ్ళిపోతున్న మనిషి కదా అని, అల్లుడు ఆవిడ సలహాలన్నీ నవ్వుమొహంతోనే వింటున్నాడు.

జీపు వెనక టైర్లు రెండూ నిన్ననే మారాయి. పాత టైర్ల కొట్టువాడు టైరు పక్కనున్న నంబర్లు చూపించి, "ఇవి ముందువాటికి జోడీ కావండీ" అన్నాడు. దర్జీ వాడి అమాయకత్వానికి నవ్వుకున్నాడు. "రెడీమేడ్ చొక్కా మీద నంబరు నమ్మి బాగుపడ్డవాడెవడయ్యా?" అని మెడలోని టేపు తీసి టైర్లను అడ్డంగా కొలిచాడు. ముందుది ఎనిమిది అంగుళాలు, వెనకదీ ఎనిమిదే. పాతికేళ్ళుగా ఆయన సూత్రం ఒక్కటే, ఛాతీ సరిపోతే మిగతాది అదే సర్దుకుంటుంది.

కొండదారి మొదలవగానే గేరు పక్కనున్న చిన్న లివరును ముందుకు తోశాడు. అలా తోస్తే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయని జీపు అమ్మినవాడు చెప్పాడు. కలిసి లాగడం మాట అటుంచి, జీపు తారురోడ్డు మీద ఒక అడుగు వేసి, గుటక మింగి, ఆలోచించి ఇంకో అడుగు వేయసాగింది.

"ఏవండీ, బ్రేకు మీంచి కాలు తీయండి," అంది పక్కనున్న భార్య.

"నా కాలు బ్రేకు మీద లేదే!"

"మరి ఎవరిదుంది? ఏదో మాడిన వాసన కూడా వస్తోంది. దుకాణంలో ఇస్త్రీపెట్టె ఆపారా?"

దర్జీ పొద్దుటి పనులు ఒక్కొక్కటీ నెమరేసుకున్నాడు. ఆపినట్టే గుర్తు. ఆపాలని అనుకుని మర్చిపోయినట్టూ గుర్తు. ఇస్త్రీపెట్టె ఆరేడు మైళ్ళ వెనక ఉందన్న సంగతి ఆ గాభరాలో ఇద్దరికీ తట్టలేదు.

"అల్లుడుగారూ, ఈ బొత్తాం జేబుకి కుట్టేశాను. కాస్త నిలకడగా పోనివ్వండి," అంది వెనకనుంచి అత్తగారు.

"బరువెక్కువైనట్టుందండీ అత్తయ్యగారూ," అన్నాడాయన. పాపం, ఆయన అన్నది కోట్ల మూట గురించి.

వెనక సీట్లో సూది టక్కున ఆగిపోయింది.

"ఆపండి," అంది అత్తగారు. ఆఖరి కోటు చంకన పెట్టుకుని దిగి, "ఇక మీ జీపు హాయిగా ఎక్కుతుంది," అంటూ రోడ్డు పక్కన నడవసాగింది.

"మా అమ్మ బరువా? రెండు వారాలుగా మీ బొత్తాలు కుట్టీ కుట్టీ సగమైపోయిందండీ మనిషి!" అని భార్య విరుచుకుపడింది.

సరిగ్గా అక్కడే రోడ్డు పని జరుగుతోంది. తారు పోయి వదులు కంకర వచ్చింది. దాని మీద జీపు ఒక్క కుదుపు లేకుండా సాఫీగా సాగిపోయింది. భార్య వెనక్కి తిరిగి తల్లిని చూసి, మళ్ళీ భర్తను చూసింది. "అంటే... నిజంగానే అమ్మ బరువేనంటారా?"

అవునంటే ఇంట్లో అన్నం పుట్టదు. కాదంటే జీపు ఒప్పుకోవడం లేదు. దర్జీ అటూ ఇటూ కాకుండా దగ్గాడు.

కంకర అయిపోయింది. తారు మీద మొదటి మలుపులోనే జీపు రెండు గంతులేసి ఆగిపోయింది. చిన్న లివరు లాగితే రాలేదు, రెండు చేతులతో లాగినా రాలేదు. ఎనిమిదిన్నరయింది. ఎదురు దుకాణంవాడి నవ్వుమొహం కళ్ళముందు కనబడి దర్జీకి నిజంగానే ఏడుపొచ్చింది.

ఈలోగా అత్తగారు నడుచుకుంటూ వచ్చి జీపును అందుకుంది. "నేను లేకపోయినా ఆగిందా?" అని అడిగింది. ఆ గొంతులో సంతోషం ఎంత దాచినా దాగలేదు.

కదలని లివరు సంగతీ, నిన్న మార్చిన టైర్ల సంగతీ విని, అల్లుడి మెడలోంచి టేపు లాక్కుని, టైర్లను నేల మీంచి నిలువునా కొలిచింది. ముందుది ఇరవై ఏడున్నర అంగుళాలు, వెనకది ఇరవై తొమ్మిది.

"చిన్నవి ఎక్కువ చుట్లు తిరగాలి, పెద్దవి తక్కువ. నాలుగింటినీ కలిపి బిగించి ఒకేలా తిరగమంటే ఎలా తిరుగుతాయి? కంకరలో జారి సర్దుకున్నాయి. తారు మీద జారవుగా!"

"లివరు బిగుసుకుపోయిందండీ."

"దారం చిక్కుపడి మిషను బిగుసుకుంటే ఏం చేస్తారు?"

"చక్రం కాస్త వెనక్కి తిప్పుతాను."

"మరింకేం?"

దర్జీ జీపును రెండు గజాలు వెనక్కి పోనిచ్చి లివరు లాగాడు. టక్కున వచ్చేసింది. ఇక వెనక చక్రాలు రెండే బుద్ధిగా లాగాయి. తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా బడి గేటు కనబడేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం కోట్లు తొడిగేదాకానే ఉంది. ఛాతీ దగ్గర ఒక్కరికీ ఒక్క ముడత లేదు. పొట్టివాళ్ళకు మాత్రం కోటు మోకాళ్ళ దాకా వచ్చింది, పొడుగువాళ్ళకు బొడ్డు దగ్గరే ఆగింది. నిలువు కొలతలు తీసుకోవడం దర్జీకి ఎన్నడూ అలవాటు లేదు. ప్రధానోపాధ్యాయురాలు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

అత్తగారు మళ్ళీ సూదీ దారం తీసింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పొట్టివాళ్ళ అంచులు మడిచి కుట్టేసింది. పొడుగువాళ్ళందరి పొట్టల మీదా డ్రమ్ములు తగిలించింది. పదింటికి కవాతు అదిరిపోయింది.

"వచ్చే ఏడాది యూనిఫారాలు మీకే," అంది ప్రధానోపాధ్యాయురాలు. దర్జీ చేతులు జోడించబోయాడు. "కానీ కొలతలు మాత్రం ఈవిడే తీయాలి. ఏడాది పొడుగునా."

ఆదివారం బస్సు అత్తగారు లేకుండానే వెళ్ళిపోయింది. ఈసారి బరువు గురించి అల్లుడు ఏమీ అనలేదు.