హాల్లో కూర్చున్న స్పీకరు

మీలో ఎవరింట్లోనైనా బేస్ గిటారు ఉందా? లేదు కదా, పెట్టి పుట్టారు. బృందంలో అది మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని అందరూ వెతుక్కుంటారు. ఇంట్లో మొగుడి లాంటిదన్నమాట. ఈ మాటే మా ఆవిడతో అంటే, "మీరు ఆగిపోతే నేను వెతకను, కాసేపు పడుకుంటాను" అంది.

మా బృందంలో డ్రమ్స్ వాయించేది మా ఆఫీసు క్యాషియరు. ఆయన్ని ఉరుము అంటాం. పాడేది పళ్ల డాక్టరు. నోరు తెరవమని రోజంతా జనానికి చెప్పి, సాయంత్రం తనే తెరుస్తాడు.

నిజం చెప్పాలంటే మేం వాయించేదానికన్నా పైపూతల గురించి మాట్లాడుకునేదే ఎక్కువ. నా గిటారుకి నిగనిగలాడే పాలిష్ వేయాలా, మెరుపు లేని నూనె పూత పూయాలా అని ఒక వేసవంతా కొట్టుకున్నాం. పాలిష్ వేస్తే చెక్క గొంతు బిగుసుకుపోతుందని నా సిద్ధాంతం. ఆ వేసవిలో కొత్త పాట ఒక్కటీ నేర్చుకోలేదు.

"ఇంతకీ ఏ రంగు ఖాయం చేశారు?" అంది మా ఆవిడ.

"ముదురు గోధుమ."

"ఇప్పుడున్నదీ అదేగా?"

"ఇది మామూలు గోధుమ. అది లోతున్న గోధుమ."

"రంగుక్కూడా లోతొచ్చింది, మీకెప్పుడొస్తుందో" అని కుక్కరు మూత పెట్టేసింది.

అసలు చిక్కు గిటారుతో రాలేదు, స్పీకరుతో వచ్చింది. శనివారం క్లబ్బు వార్షికోత్సవంలో మా మొట్టమొదటి కచేరీ. అది చెడిందంటే మమ్మల్ని ఇంకెవరూ గడప తొక్కనివ్వరు. నా పాత స్పీకరేమో దగ్గుతోంది. అందుకని గుట్టుగా కొత్తది కొన్నాను. మోకాలెత్తు పెట్టె, నల్ల రెగ్జిను, మూలలకి ఇనప తొడుగులు.

మా ఇంట్లో ఒక శాసనం ఉంది. హాల్లో నల్ల పెట్టె కనిపిస్తే ఆ పెట్టే నేనూ కలిసి మెట్ల కింద కాపురం పెట్టాలి. మెట్ల కింద చెమ్మ. పాతదానికి దగ్గు అంటుకున్నది అక్కడే.

బాగా ఆలోచించాను. సోఫాకి కొత్త గుడ్డ వేయించినప్పుడు మిగిలిన పూల గుడ్డ అటక మీదుంది. దాన్నీ పెట్టెనీ సోఫాలు కుట్టే మేస్త్రీకి అప్పజెప్పి, చుట్టూ ఆ గుడ్డ తొడిగి, పైన మెత్త వేసి స్టూలులా చేయమన్నాను. తెచ్చి సోఫా పక్కన పెడితే దానికి పుట్టిన పిల్లలా ఉంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మా ఆవిడ దాని చుట్టూ తిరిగింది. "ఇదేమిటి?"

"స్టూలు. నీకోసమే."

"ఇంత బరువేమిటి?"

"టేకు."

"వెనక ఈ రంధ్రమెందుకు?"

"గాలాడ్డానికి. మంచి టేకు ఊపిరి పీలుస్తుంది."

"పీల్చనీండి పాపం" అని దాని మీద పూలకుండీ పెట్టింది. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు మా అత్తగారు నడుం నొప్పితో దిగారు. సోఫా లోతు, కుర్చీ ఎత్తు అన్నారు. పూలకుండీ దింపి స్టూలు మీద కూర్చుని, "ఇది నాకోసమే చేసినట్టుంది" అన్నారు. ఇక లేవలేదు.

బుధవారం సాయంత్రం ఇల్లు సద్దుమణిగితే తల్లీకూతుళ్లు బజారుకెళ్లారనుకున్నాను. స్టూలు వెనక రంధ్రంలోంచి కర్టెన్ల చాటుగా పడగ్గదిలోకి ముందే లాగి ఉంచిన వైరు గిటారుకి తగిలించి, మెల్లగా వాయించి చూశాను. గుడ్డ కప్పినా మోత ఎంత స్పష్టంగా వచ్చిందనుకున్నారు! ఇంతలో హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, స్టూలు గొణుగుతోందే."

తీగల మీద అరచెయ్యి వేసి మోత ఆపేశాను.

"టేకు కదమ్మా, ఊపిరి పీలుస్తోంది" అంది మా ఆవిడ.

"ఏం పీలుస్తోందో గానీ నడుం పట్టు వదిలిందే."

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే అత్తగారు స్టూలెక్కడం, నేను తలుపేసుకుని వాయించడం. గుట్టు దక్కింది, సాధనా సాగుతోందని లోపల్లోపల పొంగిపోయాను.

శనివారం వచ్చింది. ఉరుము వ్యాను తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు స్టూలు మీద కదలకుండా కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, కాస్త సోఫాలోకి మారతారా? దీనికి చెదలు పట్టాయేమో చూపించాలి."

"టేకుకి చెదలు పట్టవు" అంది మా ఆవిడ.

"అది కాదే, కచేరీలో కూర్చోడానికి స్టూలు కావాలి."

మా ఆవిడ వంటింట్లోకెళ్లి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్లండి, తేలిక."

"స్పీకరేదయ్యా, టైమైపోతోంది" అన్నాడు ఉరుము.

ఇక దాచడానికేం మిగల్లేదు. ప్లాస్టిక్ స్టూలు చంకలో పెట్టుకునే చెప్పాను. "అది స్టూలు కాదు. స్పీకరు."

"తెలుసు" అన్నారు తల్లీకూతుళ్లు.

"ఎలా?" అన్నాను.

"గుడ్డ చాలకపోతే మేస్త్రీ ఇంకాస్త కావాలని ఫోను చేసింది నాకే" అంది మా ఆవిడ. "ముందువైపు దళసరి సోఫా గుడ్డ వేస్తే మీ వాయింపు దుప్పటి కప్పుకుని దగ్గినట్టుంటుంది. అందుకని ఆ వైపు పల్చటి కర్టెన్ గుడ్డ వేయమన్నాను. పువ్వులు కూడా వేరు. రెండు గోధుమలకి తేడా తెలిసినవారు కదా, కనిపెడతారేమోనని రోజూ చూస్తున్నాను."

వంగి చూశాను. సోఫా మీద గులాబీలు, స్పీకరు మీద చేమంతులు. ఉరుము నవ్వు ఆపుకోలేక వ్యాను దగ్గరికి పోయాడు.

"తీసుకెళ్లండి. కానీ స్టూలు అమ్మది. ఆవిడా వస్తుంది."

వచ్చారు. నల్ల పెట్టెల మధ్య ఆ చేమంతుల పెట్టె మీద, వేదిక నడుమ కూర్చున్నారు. "శబ్దానికి కాళ్లు అడ్డం పెట్టకమ్మా" అని మా ఆవిడ కింద నుంచి హెచ్చరిస్తూనే ఉంది. అత్తగారు కళ్లు మూసుకుని తలూపుతుంటే, పాటలో లీనమైపోయారనుకుని జనం చప్పట్లే చప్పట్లు. క్లబ్బువాళ్లు వచ్చే ఏడాదికీ పిలిచారు. "పెద్దావిణ్ణి మాత్రం మరిచిపోకండి" అన్నారు.

ఇప్పుడు నేను తలుపేసుకోనక్కర్లేదు. హాల్లోనే, అత్తగారి ఎదురుగా కూర్చుని వాయిస్తున్నాను. నిన్న కష్టపడి ఒక కొత్త పాట నేర్చుకుని మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు విని చెయ్యెత్తి ఆపారు.

"ఇంకాస్త కింది స్వరం బాబూ. నొప్పి అక్కడుంది."